గాజుతొట్టిలో ధర్మసందేహం

ధర్మసందేహం రావడానికి కురుక్షేత్రం దాకా పోనక్కర్లేదండీ. రెండడుగుల గాజుతొట్టి చాలు. రాత్రి దీపం ఆర్పి పడుకుంటామా, తెల్లారి లేచి చూసేసరికి నీటిమట్టానికి నాలుగు వేళ్ళ పైన, అద్దానికి, లేత గులాబిరంగు ముద్ద ఒకటి అంటుకుని ఉంటుంది. దగ్గరికెళ్ళి చూస్తే ఆవగింజకంటె కాస్త పెద్ద గింజలు, ఒకదాన్నొకటి పట్టుకుని, చిన్న మొక్కజొన్న కండెలాగా పేర్చి ఉంటాయి. అది నత్త పెట్టిన గుడ్లగుత్తి.

"నత్తగుడ్లకి కూడా ధర్మసందేహమా!" అని పేజీ తిప్పెయ్యకండి. ఆ గుత్తిలో యాభయ్యో, నూరో, ఇంకా పైనో ప్రాణాలు ఉంటాయి. వాటిని పొదగనివ్వడమా, మొదట్లోనే తీసెయ్యడమా? పొదగనిస్తే అంతమందినీ పెంచేదెవరు? పెంచలేకపోతే ఎక్కడికి పంపడం? నత్త పేరు తీసేసి అక్కడ కుక్కపిల్ల అని పెట్టుకోండి, పిల్లికూన అని పెట్టుకోండి. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ప్రతి ఇంటి గుమ్మమూ తొక్కుతుంది. అందుకే రాస్తున్నాను.

తొట్టి మా ఇంటికి ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెబుతాను. మా మేనకోడలు బెజవాడలో చదువుకుంటూ చేపలు పెంచింది. పైచదువుకి హాస్టల్లో చేరాల్సి వచ్చి, "అత్తయ్యా, నీకైతే ఓపిక ఎక్కువ" అని పొగిడి, తొట్టినీ, అందులోని నాలుగు చేపల్నీ, పసుపుపచ్చ గుల్ల ఉన్న రెండు నత్తల్నీ తెచ్చి మా కూచిపూడి ఇంటి వసారాలో దింపి వెళ్ళింది. పొగడ్త వినిపించినచోట పని సిద్ధంగా ఉంటుందని మన ఆడవాళ్ళకి వేరే చెప్పాలా! చేపల సంగతి కాస్తో కూస్తో తెలుసు. నత్తల్ని పెంచడం మాత్రం కొత్త.

కొత్తంటే మరీ కొత్తని కాదు. కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకి నత్త తెలియకపోవడమేమిటి? ఊడ్పుల రోజుల్లో గట్టుమీద నడిస్తే కాలికి తగిలేది నత్తగుల్లే కదా. ఎవరైనా పని సాగదీస్తే నత్తనడక అని వెక్కిరిస్తాం. కాని దాని ఇల్లు మాత్రం మనకి చచ్చేంత అవసరం. గుల్లలు కాల్చి సున్నం చేశాం. ఆ గుల్లసున్నంతోనే గోడలకి వెల్ల వేశాం, తమలపాకుకి రాసుకున్నాం. కాల్చిన నత్తగుల్లల పొడితో వాకిట్లో ముగ్గులు పెట్టాం. పూజగదిలో ఊదే శంఖం కూడా ఒక సముద్రపు నత్త ఇల్లే. ఇంటికి దణ్ణం పెట్టి, ఇంట్లో ఉండే జీవిని మాత్రం వెక్కిరించడం మనకి అలవాటైపోయింది.

మన పొలాల్లో నత్త ఎంత గడుసుదో చూడండి. వేసవిలో కాలవలు కట్టేసి, పొలాలు నెర్రెలు విచ్చేసరికి అది బురదలోకి దిగిపోయి, గుల్ల నోటికి బిళ్ళలాంటి మూత బిగించుకుని, నెలల తరబడి తిండీ నీళ్ళూ లేకుండా నిద్రపోతుంది. తొలకరి పడి నేల మెత్తబడగానే మూత తీసుకుని బయటికి వస్తుంది. నీళ్ళలో ఉన్నప్పుడు మొప్పతో ఊపిరి పీలుస్తుంది, గాలి కావాల్సివస్తే ఊపిరితిత్తితో పీలుస్తుంది. వానాకాలంలో గట్టువార తడిమట్టిలో చిన్న గూడులాంటి గుంట చేసి, తెల్లటి గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది.

అదే చెరువులో ఇంకొక రకం చిన్న నత్త ఉంటుంది. అది గుడ్లు పెట్టదు. గుడ్లని కడుపులోనే దాచుకుని, గుల్లతో సహా తయారైన పిల్లల్ని కంటుంది. ఒకే చెరువులో రెండు రకాల తల్లులు! ఒకామె కడుపులో మోస్తుంది, ఒకామె గట్టున పెట్టి వెళ్ళిపోతుంది. ఏ తల్లి గొప్పది అని నేను తీర్పు చెప్పను. ఎవరి పద్ధతిలో వాళ్ళు వేల తరాలు గడిపారు. అదే చాలు.

మా తొట్టిలో నత్తది మూడో పద్ధతి. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఇవి కూడా మన నత్తకి దూరపు చుట్టాలే, కాని గుడ్లు మట్టిలో పెట్టవు. రాత్రిపూట నీళ్ళలోంచి పైకి పాకి, పొడిగా ఉన్నచోట అంటిస్తాయి. నీళ్ళలో చేపలు తినేస్తాయని వాటి జాగ్రత్త. మరో తమాషా ఏమిటంటే, ఆడనత్త ఒకసారి మగనత్తని కలిసిందంటే ఆ తరవాత నెలల తరబడి ఒంటరిగా ఉన్నా పొదిగే గుడ్లు పెట్టగలదు. "ఒక్కటే కదా, పిల్లలెక్కడివి?" అనుకుని కొట్లో ఒక్కదాన్నే కొనుక్కొచ్చినవాళ్ళకి కూడా ఒకనాటి పొద్దున ఈ గులాబి ముద్ద ఎదురవుతుంది.

ఇక పొదిగించడం. నిజానికి మనం చెయ్యగలిగేదల్లా చెడగొట్టకుండా ఉండడమే. గుత్తి మీద నీళ్ళు పొయ్యకూడదు, నీళ్ళలో ముంచకూడదు. నీటిపైన పెట్టిన గుడ్లు కదా, మునిగితే లోపలి ప్రాణికి ఊపిరాడదు. అలాగని మండుటెండలో ఎండబెట్టినా లాభం లేదు, పెంకు లోపల ఎండిపోతుంది. తొట్టి మీద మూత వేసి ఉంచితే నీటి ఆవిరి తగులుతూ సరిపోతుంది. గుత్తిని అక్కణ్ణుంచి కదపాలనుకుంటే, పెట్టిన పూట ముట్టుకోకూడదు, పిండిముద్దలా చేతికి అంటుకుపోతుంది. ఒకటి రెండు రోజులు ఆరి గట్టిపడ్డాక నెమ్మదిగా జరిపి తీసి, తడిపి పిండిన గుడ్డమీద చిన్న డబ్బాలో పెట్టుకోవచ్చు. రెండు వారాల నుంచి నాలుగు వారాలు పడుతుంది. మన వేడికి త్వరగానే అవుతాయి. ఇంకా రోజుకో రెండు రోజులకో పగులుతాయనగా గులాబిరంగు పోయి, బూజు పట్టినట్టు బూడిదరంగు తిరుగుతాయి. చెడిపోయాయని పారేసేది సరిగ్గా అప్పుడే. ఓపిక పట్టిన ఇల్లాలికి మర్నాడు దక్కుతాయి నువ్వుగింజంత నత్తలు. ఒక్కొక్కదానికి ఒంటిమీద గుల్ల, ముందు రెండు మీసాలు, అన్నీ పెద్దవాళ్ళకున్నట్టే! మొదటిసారి చూసినప్పుడు నవ్వు ఆగదు.

నవ్వడం ఆ ఒక్కపూటే. ఆ తరవాత పనే పని. నీళ్ళు శుభ్రం చేసే యంత్రం గొట్టానికి స్పాంజి తొడక్కపోతే పిల్లలన్నీ అందులోకి లాక్కుపోతాయి. ఉడికించి చల్లార్చిన బీరకాయ ముక్క, పాలకూర వేస్తే పండగ చేసుకుంటాయి. తినగా మిగిలింది ఆ పూటే తీసెయ్యాలి, లేకపోతే నీళ్ళు కంపు కొడతాయి. కుళాయి నీళ్ళలో మందు వాసన ఉంటే బిందెలో పట్టి ఒకరోజు నిలవ ఉంచి పొయ్యాలి. ఒకేసారి నీళ్ళన్నీ మార్చేయకూడదు, కొంచెం కొంచెంగా మార్చాలి.

ఎదిగే పిల్లలకి పాలు ఎలాగో వీటికి సున్నం అలాగ. సున్నం చాలకపోతే గుల్ల పల్చబడి, గుంటలు పడి, చిల్లులు పడుతుంది. అలాగని తాంబూలంలో సున్నం తెచ్చి తొట్టిలో వేసేరు, ఆ ఘాటుకి రెండో రోజు చూడక్కర్లేదు. కోడిగుడ్డు పెంకు కడిగి, ఎండబెట్టి, పొడి చేసి వెయ్యమంటారు. మా ఇంట్లో కోడిగుడ్డు చేరదు. మూలికల కొట్లో సముద్రపు నురుగు అని తెల్లటి ముక్క అమ్ముతారు చూశారూ, అది పనికొస్తుందని తెలిసి సంతోషంగా తెచ్చుకున్నాను. అది నురుగూ కాదు, పాడూ కాదు, ఒక సముద్రప్రాణి ఒంట్లోని గట్టి భాగం అని తరవాత తెలిసింది. మా అత్తగారికి ఆ సంగతి చెప్పలేదు. ఒక ప్రాణిని పెంచాలంటే మరో ప్రాణి చలవ ఎక్కడో అక్కడ తగులుతూనే ఉంటుంది.

ఇంకొక జాగ్రత్త రాగి. మనం రాత్రి రాగిచెంబులో నీళ్ళు పోసుకుని పొద్దున్నే తాగితే ఆరోగ్యమంటాం. నత్తకి రాగి విషం. చేపల జబ్బులకి వేసే కొన్ని మందుల్లో మైలుతుత్తం ఉంటుంది. చేప బతుకుతుంది, నత్త చస్తుంది. ఒకరికి మందు అయింది మరొకరికి మృత్యువు అవుతుందన్నది వేదాంతం కాదు, తొట్టి కడిగేటప్పుడు గుర్తుపెట్టుకోవలసిన విషయం. నాకు మాత్రం ఆ మాట తొట్టి దాటి చాలా దూరం పనికొచ్చింది. మంచి చేస్తున్నామనుకునే ప్రతిసారీ, ఎవరికి మంచి అని అడగాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అడవిలోనో, ఏట్లోనో నత్త వంద గుడ్లు పెడితే అందులో పెరిగి పెద్దయ్యేవి ఒకటో రెండో. మిగిలినవి చీమకో, చేపకో, పక్షికో పోతాయి. మన పొలాల్లో నత్తగుల్ల కొంగని చూసే ఉంటారు. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. గుల్లలోంచి నత్తని లాగడానికే దేవుడు ఆ ముక్కు ఇచ్చాడా అనిపిస్తుంది. నత్త లేకపోతే ఆ కొంగ లేదు. ఆ కొంగలాంటివి లేకపోతే పొలం నిండా నత్తలే. ఎవరూ కూర్చుని రాయని జమాఖర్చు అది, కాని లెక్క సరిపోతుంది.

గాజుతొట్టిలో ఆ లెక్క మనమే చెరిపేశాం. చీమ లేదు, కొంగ లేదు, వరద లేదు, ఎండాకాలం లేదు. వందకి ఎనభై బతుకుతాయి. రెండు మూడు నెలల్లో అవి మళ్ళీ గుడ్లు పెట్టే ఈడుకొస్తాయి. ఒకప్పుడు ఆసుపత్రి గోడలమీద ఎర్ర త్రికోణం గీసి, పిల్లలు ఇద్దరో ముగ్గురో చాలని ప్రభుత్వం మనకి పాఠం చెప్పింది. నత్తలకి ఆ పాఠం ఎవరు చెబుతారు? చావుని తలుపు బయట నిలబెట్టినవాళ్ళం మనం. కనక ఎంతమంది ఉండాలన్న నిర్ణయం కూడా మన నెత్తినే పడుతుంది. వద్దన్నా పడుతుంది.

మా ఇంట్లో సభ జరిగింది. అత్తగారిది ఒకే మాట. "గుడ్డు తీసెయ్యడం పాపం. దాని ప్రాణం దానిది. నీదా, నాదా?" పక్కింటి పిన్నిగారు మధ్యేమార్గం చెప్పారు. "పొదగనివ్వమ్మా. కాస్త ఎదిగాక తీసికెళ్ళి కాలవలో వదిలేద్దాం. పుణ్యానికి పుణ్యం, నీకు శ్రమ తప్పుతుంది." వినడానికి ఎంత బాగుందీ మాట! చేతికి రక్తం అంటదు, ఇంట్లో రద్దీ ఉండదు, పైగా జీవకారుణ్యం. దాదాపు అందరం చేసేది ఇదే. గుళ్ళో తెచ్చుకున్న కుందేలు, తిరణాళ్ళలో కొన్న రంగు కోడిపిల్ల, పెరిగిపోయిన చేప, అన్నీ చివరికి "వదిలేశాం" అనే మాట దగ్గర ఆగుతాయి.

కాని మా ఊరి కాలవ ఎక్కడిదో ఆలోచించండి. బెజవాడ దగ్గర కృష్ణమ్మకి అడ్డంగా 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని తరవాత 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, అక్కణ్ణుంచి బయల్దేరిన కాలవలు, వాటి పిల్లకాలవలు, బోదెలు. ఒక్క నీటిచుక్క వందల చేలు తిరుగుతుంది. మా వీధి చివర కాలవలో వదిలింది మా వీధి చివర ఉండదు. దిగువన ఎవరి మడిలో తేలుతుందో నాకు తెలియదు, ఆ రైతుకి నేను తెలియను. మా పొలం కౌలుకి చేసే ఆయన్ని అడిగితే ఒక్క ముక్క అన్నాడు. "నాట్లేసిన రెండు మూడు వారాలేనమ్మా ప్రాణం పిడికిట్లో పెట్టుకునేది. ఆ నారు ఎవడు కొరికినా ఇక ఆ చోట ఖాళీయే."

ఇది ఆయన భయం మాత్రమే అయితే కొట్టిపారెయ్యొచ్చు. చరిత్ర కూడా అదే చెబుతోంది. మన కాలవల్ని కప్పేసే గుర్రపుడెక్క ఎక్కడిది? దక్షిణ అమెరికాది. ఆ ఊదారంగు పువ్వు అందంగా ఉందని ముచ్చటపడి దేశదేశాలు తీసుకెళ్ళారు. ఈవేళ ఆ పువ్వుని చూసి మురిసేవాళ్ళు లేరు, తీయించడానికి ఏటేటా డబ్బు పోసేవాళ్ళే ఉన్నారు. నత్తల్లోనే చూద్దాం. 1847లో విలియం బెన్సన్ అనే నత్తల ప్రియుడు మారిషస్ నుంచి ఆఫ్రికా నత్తల్ని ప్రాణంతో కలకత్తా తెచ్చాడు. తను ఊరు విడిచి వెళుతూ పొరుగాయనకి ఇచ్చాడు. ఆయన చౌరంగీలో తోటలో వదిలాడు. ఆ తోటలోంచి బయల్దేరిన సంతానం ఈనాడు దేశంలో చాలాచోట్ల కూరపాదుల్నీ, తోటల్నీ తినేస్తోంది. ఆ పొరుగాయన దుర్మార్గుడని నేననుకోను. చంపడానికి చేతులు రాక, పెంచడానికి తీరిక లేక, వదిలేసి ఉంటాడు. అచ్చం మా పిన్నిగారి సలహాయే.

మరీ దగ్గరి ఉదాహరణ ఇంకొకటి. మా తొట్టిలో నత్తకి పినతల్లి బిడ్డలాంటి జాతి ఒకటి ఉంది. 1980 ప్రాంతంలో దాన్ని తినడానికి పనికొస్తుందని దక్షిణ అమెరికా నుంచి తైవానుకి తెచ్చారు, తరవాత ఫిలిప్పీన్సుకీ చేరింది. తిన్నవాళ్ళకి రుచించలేదు. పెంచినవాళ్ళు వదిలేశారు. అది మాత్రం వరినారు రుచి మరిగింది. ఆగ్నేయాసియా వరి రైతుల్ని ఏడిపించి, ప్రపంచంలోని 100 ఘోరమైన దండయాత్ర జాతుల జాబితాకెక్కింది. అక్వేరియం కొట్లలో అమ్మే నత్త అంత ఆకలిగొట్టుది కాదని తెలిసినవాళ్ళు చెబుతారు. నిజమే కావచ్చు. కాని నువ్వుగింజంత పిల్లని చూసి ఇది ఏ జాతో చెప్పగల కళ్ళు నాకు లేవు. చెప్పలేనప్పుడు వరిచేల మధ్య వదలడానికి నాకు హక్కు కూడా లేదు. అద్దం నాకి శుభ్రం చేస్తుందని కొనుక్కున్న సక్కర్ చేప అడుగు దాటి పెరిగాక చెరువులో వదిలేస్తే ఏమైందో మన జాలరుల్ని అడగండి. వలలు చించే ఆ చేపకి దెయ్యపు చేప అని పేరు ఊరికే రాలేదు.

ఇవన్నీ చెప్పాక అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత ఆవిడే అన్నారు. "మా రోజుల్లో నూతిలో తాబేలుని వేసేవాళ్ళం. నీళ్ళు తేటగా ఉంటాయని. దానికి ఆ నుయ్యే లోకం. మళ్ళీ ఇంకోటి వెయ్యాలంటే ముందు నుయ్యి చూసేవాళ్ళు." నాకు కావలసిన సూత్రం అందులోనే దొరికింది. ముందు నుయ్యి చూడాలి, తరవాతే తాబేలు.

అందుకని ముందు ఇళ్ళు లెక్కపెట్టాను. మా తొట్టిలో ఇంకో ఆరు పడతాయి. మేనకోడలి స్నేహితురాళ్ళు ఇద్దరూ చెరి నాలుగు తీసుకుంటామన్నారు. పిల్లలకి చూపించడానికి తొట్టి పెట్టుకున్న మేష్టారొకాయన ఆరు అడిగారు. మొత్తం ఇరవై. ఒక్కొక్కరికీ ఒకే షరతు చెప్పాను. కాలవకీ, చెరువుకీ, నూతికీ వెయ్యనని మాటివ్వాలి. విసుగొస్తే నాకే తిరిగివ్వాలి. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగరని మావారు నవ్వారు. పెళ్ళిచూపుల్లో ఇన్ని అడిగితే ఎన్ని కాపురాలు బాగుపడేవో అన్నాను.

గుత్తి ఆరి గట్టిపడ్డాక, లోపల పిల్లలు రూపు కట్టకముందే, ఒక మూలనుంచి ఇరవై పైచిలుకు గుడ్లున్న తునక విడదీశాను. మిగిలిందంతా కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రీజరులో అడుగున పెట్టాను. రెండు రోజులయ్యాక తీసి చెత్తలో వేశాను. తూములో వెయ్యలేదు.

ఇది సుఖంగా చేశానని చెప్పను. నత్తకి మనలాంటి మెదడు లేదు, నరాల ముడులు కొన్ని ఉన్నాయంతే. కాని ముట్టుకుంటే ముడుచుకుంటుంది, తిండి వేసిన వైపుకి తిరుగుతుంది. దాని దూరపు బంధువు, అప్లీసియా అనే సముద్రజీవి మీద పరిశోధన చేసిన ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త జ్ఞాపకం అంటే ఏమిటో కనిపెట్టి 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. అంత చిన్న ప్రాణికి కూడా నేర్చుకోవడం, గుర్తుంచుకోవడం ఉన్నాయన్నమాట. అలాంటిదాన్ని రాయీ రప్పా అని కొట్టిపారెయ్యలేను. రూపు కట్టని గుడ్డు నత్త కాదు, నిజమే. అయినా ఆ డబ్బా ఫ్రీజరులో ఉన్న రెండు రోజులూ ఆ తలుపు తీసినప్పుడల్లా చెయ్యి ఒక క్షణం ఆగింది. ఆగాలి కూడా. ఆగకుండా తీసెయ్యగలిగిన రోజున నేను తొట్టి ఎత్తి ఎవరికైనా ఇచ్చెయ్యడం మంచిది.

అలాగయితే కాలవలో వదలడానికీ దీనికీ తేడా ఏమిటని మీరు అడగొచ్చు. ఒక్కటే తేడా. ఇక్కడ జరిగిన దాని బరువు నా మీద ఉంది. నేను చేశాను, నాకు తెలుసు, నాకే బాధ. కాలవలో వదిలితే పుణ్యం నాకు, నష్టం ముఖం తెలియని రైతుకి, మన నత్తకి, దాన్ని నమ్ముకున్న కొంగకి. ఖర్చు ఇంకొకరి ఖాతాలో రాసి మనం పంచిపెట్టే ప్రసాదాన్ని దయ అనొచ్చునా? నా మట్టుకు నేను అనలేను. మన ఇళ్ళలో "పాపం" అనే మాటకి రెండు అర్థాలున్నాయి. అయ్యో అని జాలిపడినా పాపమే, చెయ్యకూడనిది చేసినా పాపమే. ఒక్కోసారి మొదటి పాపం మనల్ని నేరుగా తీసుకెళ్ళి రెండో దాంట్లో పడేస్తుంది.

పుట్టించడంకంటె పుట్టినదానికి చోటు చూడడం పెద్ద పని అని మా ఊరివాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. సిద్ధేంద్రయోగి భామాకలాపం రచించి ఊరుకోలేదని, ఈ ఊరి కుటుంబాల్లోని ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. నాకు ఆ కథలో నచ్చేది ఆ మాట తీసుకోవడమే. రేపు ఎవరు ఆడతారు, ఎవరు నేర్పుతారు, ఎవరి కాళ్ళకి గజ్జె కడతారు అని ముందే చూసుకున్నాడాయన. అందుకే వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామని మన కాలంవాళ్ళు చూడగలిగారు. ఈ ఊళ్ళోనే పుట్టిన వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, ఆ నాట్యాన్ని ఊరు దాటించారు. ఆయన కూడా దాన్ని వదిలెయ్యలేదు, అప్పగించారు. వదిలెయ్యడానికీ, అప్పగించడానికీ మధ్య ఎంత దూరముందో ఆడపిల్లని అత్తవారింటికి పంపిన ప్రతి తల్లికీ తెలుసు.

ఉంచిన తునకలోంచి పంతొమ్మిది పిల్లలయ్యాయి. బఠాణీ గింజంత అయ్యేదాకా పెంచి, అడిగినవాళ్ళకి అడిగినన్ని ఇచ్చాను. ఒకటి తగ్గిందని మేష్టారు బెంగపడితే మా వాటాలోది ఇచ్చాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే తొట్టి మూత ఎత్తి చూడడం నా పనుల్లో ఒకటి. కొత్త గుత్తి కనిపిస్తే మొదటి రెండు మూడు రోజుల్లోనే తేల్చుకుంటాను. ఆలస్యం చేసినకొద్దీ లోపలి ప్రాణి పెరుగుతుంది, దాంతో నా సందేహమూ పెరుగుతుంది.

మీ ఇంటికి ఈసారి ఎవరైనా పిల్లో, కుక్కో, చేపో, మొక్కో ముచ్చటపడి తెస్తే, వెంటనే వద్దని గుమ్మంలో నిలబెట్టమని నేను చెప్పను. ముచ్చట లేని ఇల్లు ఇల్లే కాదు. కాని ఒక్కసారి అడగండి: ఇది పెరిగితే ఎక్కడ ఉంటుంది, పిల్లలు పెడితే ఎవరు తీసుకుంటారు, మనం ఊరెళితే ఎవరు చూస్తారు? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగితే నిక్షేపంగా పెంచుకోండి. చెప్పలేకపోతే, "పోనీలే, చివరికి ఎక్కడో అక్కడ వదిలేద్దాం" అనే మాట మాత్రం జవాబుగా ఒప్పుకోకండి. మనం ఎక్కడో అక్కడ అనుకునే చోటు ఎవరో ఒకరి పొలం.